డూపుల్లేరు… రీటేకుల్లేవు… 'కట్' మనమే చెప్పుకోవాలి!

హీరో కొండకొమ్మున వేలాడుతూంటాడు. కింద లోయ నోరు తెరుచుకుని ఉంటుంది. కాలి కింద రాయి ఒకటి జారి దొర్లుకుంటూ పోతుంది. హాల్లో మనమంతా గుండెలు చిక్కబట్టుకుని చూస్తూంటాం. కానీ హీరో పడడని మనందరికీ తెలుసు! నడుముకి తాడుంటుంది. ఆ తాడు తెరమీద కనబడకుండా మాయం చేసే నిపుణులుంటారు. మరీ ప్రమాదమైతే డూప్ ఉంటాడు. ఒకసారి కుదరకపోతే రీటేక్ ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, 'కట్!' అని అరవడానికి డైరెక్టరుంటాడు.

మరి ఇవేవీ లేకుండా, ఒక్కడే, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అలాంటి రాతి అంచు మీద నడిస్తే ఎలా ఉంటుంది? పోయిన జూన్‌లో నేను నడిచి చూశాను. ఆ కబుర్లే ఇవి.

వేషాలు మార్చే కొండలు

తెరమీద కొండ పేరొకటి, అసలు పేరొకటి. ఇది సినిమావాళ్ళకి మామూలే. 'షోలే' (1975) లో గబ్బర్‌సింగ్ అట్టహాసం చేసిన రామ్‌గఢ్ కొండలు ఉత్తరాదివి కావు, బెంగుళూరు దగ్గరి రామనగర బండలు. సిల్వెస్టర్ స్టాలోన్ నటించిన 'క్లిఫ్‌హ్యాంగర్' (1993) కథ అమెరికాలోని రాకీ పర్వతాల్లో జరుగుతుంది. షూటింగ్ చాలామట్టుకు ఇటలీలోని డోలమైట్ కొండల్లో!

ఇలా వేషాలు మార్చడంలో వీటికేమీ తీసిపోని కొండలు బ్రిటన్‌లో ఉన్నాయి. ఇంగ్లండుకి పడమటి పక్కన వేల్స్ అనే చిన్న దేశం. దాని వాయవ్య మూల కొండల సీమ పేరు 'ఎరరి'. ఇంగ్లీషువాళ్ళు 'స్నోడోనియా' అనేవారు. 2022 నుంచి అక్కడి నేషనల్ పార్కు అధికారులు వేల్స్ భాషలోని పాత పేర్లే వాడుతున్నారు.

ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ నటించిన 'ది ఇన్ ఆఫ్ ది సిక్స్త్ హ్యాపీనెస్' (1958) లో ఈ కొండలు చైనా కొండలయ్యాయి. చైనా పిల్లల వేషాలకి లివర్‌పూల్ నగరంలోని చైనా కుటుంబాల పిల్లల్ని తీసుకొచ్చారు. 'క్యారీ ఆన్ అప్ ది ఖైబర్' (1968) అనే హాస్యచిత్రంలో ఇవే కొండలు ఖైబర్ కనుమ వేషం కట్టాయి. ఆ షూటింగ్‌కి గుర్తుగా కొండదారిలో ఒక ఫలకం కూడా పెట్టారు. ఏంజెలీనా జోలీ 'టూంబ్ రైడర్' రెండో భాగంలో (2003) ఇక్కడి గ్వినాంట్ సరస్సు మళ్ళీ చైనా అయింది. ఇన్ని వేషాలేసినా పాపం, ఈ కొండల పేరు సామాన్య ప్రేక్షకుడికి తెలీదు!

ఈ కొండల్లో అన్నిటికంటే ఎత్తయినది 'అర్ విద్వా'. ఇంగ్లీషులో 'స్నోడన్'. ఎత్తు 1085 మీటర్లు. ఓస్ ఇంతేనా, మన హార్సిలీ హిల్స్ కంటే తక్కువే కదా అని నవ్వకండి. సినిమాల్లో కూడా విలన్ ఎప్పుడూ ఆరడుగులే ఉండక్కర్లేదు!

'అర్ విద్వా' అంటే సమాధి అని అర్థం. దాని వెనక ఓ కథ ఉంది. పూర్వం రీటా గౌర్ అనే రాక్షసుడుండేవాడట. ఓడించిన రాజులందరి గడ్డాలూ కోసి, వాటితో అంగీ కుట్టించుకున్నాడట. చివరికి ఆర్థర్ మహారాజు గడ్డం మీద కన్నేశాడు. ఆర్థర్ వాణ్ణి చంపి, శవం మీద రాళ్ళు పేర్పించాడు. ఆ రాళ్ళగుట్టే ఈ శిఖరం. ఈ కథ వినగానే నాకు తట్టింది ఒక్కటే. ఆ రీటా గౌర్ వేషానికి మన ఎస్.వి. రంగారావు గారు తప్ప ఇంకొకరు పనికిరారు!

గుర్రపు నాడా దారి

ఈ శిఖరం ఎక్కడానికి సులువైన దారులు కొన్ని ఉన్నాయి. నాక్కావలసింది మాత్రం గుర్రపు నాడా ఆకారంలో ఉండే కొండదారి. పెన్-ఎ-పాస్ అనే కనుమలో (359 మీటర్లు) మొదలై, 'క్రిబ్ గోఖ్' (923) అనే రాతి అంచు మీదుగా 'గార్నెద్ ఇగైన్' (1065), అక్కణ్ణుంచి 'అర్ విద్వా', చివర 'లివెద్' (898) కొండ దాటి మళ్ళీ బయల్దేరిన చోటికే చేరుతుంది. మొత్తం సుమారు 12 కిలోమీటర్లు. మన ఊళ్ళో రోడ్డు మీదయితే రెండున్నర గంటల నడక. అక్కడ ఏడెనిమిది గంటలు చాలవు కొందరికి.

అసలు కిటుకంతా క్రిబ్ గోఖ్‌లో ఉంది. 'ఎర్రని శిఖ' అని ఆ పేరుకి అర్థం. సుమారు 45 కోట్ల ఏళ్ళనాటి అగ్నిపర్వతాల రాయి అది. తర్వాత మంచుయుగంలో హిమానీనదాలు రెండు పక్కలా కొండని తొలిచేస్తే, మధ్యలో గోడలా మిగిలిందే ఈ అంచు. పైగా బ్రిటన్ మొత్తం మీద బాగా వర్షం కురిసే చోట్లలో ఇదొకటి. ఏడాదికి 4000 మిల్లీమీటర్ల పైమాటే. మన హైదరాబాదు వర్షానికి సుమారు అయిదు రెట్లు!

నేను నాంట్ పెరిస్ అనే పల్లెలో ఒక ముసలావిడ ఇంట్లో గది తీసుకున్నాను. పొద్దున్నే టిఫిన్ పెడుతూ ఆవిడ అడిగింది.

"ఏ దారిన పోతున్నావ్, అబ్బాయ్?"

చెప్పాను.

"ఒక్కడివేనా?"

"ఒక్కణ్ణేనండీ. ఇంతకు ముందు ఇలాంటివి నలుగురితో కలిసి రెండు ఎక్కాను."

"కిందికి దిగి ఎన్నింటికి ఫోన్ చేస్తావ్?"

"ఆరింటికల్లా చేస్తానండీ."

ఆవిడ ఒక కాగితం మీద నా పేరు, దారి, చొక్కా రంగు, 'ఆరు గంటలు' అని రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. "ఎనిమిదైనా నీ ఫోన్ రాకపోతే నేనే చేస్తా ఫోను. నీక్కాదు, పోలీసులకి!" అంది నవ్వుతూ. ఆ నవ్వులో వేళాకోళం లేదు. ఆ చుట్టుపక్కల కొండల్లో చిక్కుకున్నవాళ్ళని దింపే రెస్క్యూ దళంలో ఉన్నవాళ్ళంతా జీతం లేకుండా పనిచేసే స్థానికులే. బ్రిటన్‌లో ఎక్కువగా పరుగులు పెట్టే దళాల్లో అదొకటి. ఫోన్ మోగితే వాళ్ళు భోజనం దగ్గర్నుంచి లేచిపోవాలి.

వాతావరణ సూచన ఇలా ఉంది: ఉదయం నిర్మలం, గాలి తక్కువ, మధ్యాహ్నం రెండు దాటాక మేఘాలు, గాలి పెరుగుతుంది.

పందుల కనుమ దగ్గర రెండు దారులు

ఎనిమిదింటికి బస్సు దిగి నడక మొదలుపెట్టాను. గంటలో 'బుల్ఖ్ అ మోఖ్' చేరాను. తెలుగులో చెప్పాలంటే 'పందుల కనుమ'! అక్కడ దారి చీలుతుంది. ఎడమపక్క దారి కొండ నడుము పట్టుకుని శిఖరానికి పోతుంది, వందలమంది ఆ దారినే పోతున్నారు. కుడివైపు పైకి చూస్తే క్రిబ్ గోఖ్. అటు వెళ్ళేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టదగినంత మంది.

గాలి ఎంత ఉందో చూశాను. రాయి తడిసి ఉందా అని తడిమి చూశాను. పొడిగా ఉంది. ఎడమదారి ఎప్పుడూ ఉండేదే, ఈ రెండిట్లో ఏది బాగోకపోయినా అటే పోవాలని ముందే అనుకున్నాను. బాగున్నాయి కాబట్టి కుడికి తిరిగాను.

ఇక అక్కణ్ణుంచి నడక కాదు, ఎక్కుడు. రెండు కాళ్ళూ చాలవు, రెండు చేతులూ కావాలి. ఏళ్ళ తరబడి బూట్లు రాసుకుని కొన్ని రాళ్ళు మన గుడిమెట్లలా నున్నబడ్డాయి. పైకి ఎక్కడం కష్టం కాదు, దిగడం కష్టం. అందుకే అక్కడ ఎక్కే ప్రతి పదడుగులకీ 'వెనక్కి రావలసొస్తే రాగలనా?' అని అడుగుతూ ఎక్కాలి. పక్కన మనిషుంటే ఆ ప్రశ్న అతనడుగుతాడు. ఒంటరివాడు తనే అడుక్కోవాలి.

కత్తి అంచు

పైకి చేరగానే… ఏం చెప్పను! కళ్ళ ముందు రాతి అంచు ఒకటి గాలిలోకి సాగిపోతూ కనిపించింది. కొన్నిచోట్ల వెడల్పు ఒక అడుగుకి మించదు. కుడిచేతి వైపు నిట్టనిలువు లోయ. ఎడమవైపు వాలు, అదీ తక్కువేం కాదు. అంచు నెత్తిమీద నిలబడి నడవగల ధైర్యవంతులు కొందరున్నారు. నేను అందరూ చేసేదే చేశాను. అంచుకి కొంచెం కింద, ఎడమవైపు రాళ్ళలో కాళ్ళు పెట్టుకుంటూ, అంచునే మేడమీద పిట్టగోడలా రెండు చేతులా పట్టుకుని పక్కకి జరుగుతూ వెళ్ళాను.

ఆ అరగంటలో నాకు పాట గుర్తు రాలేదు, సినిమా గుర్తు రాలేదు, ఇంటి అద్దె గుర్తు రాలేదు. చెయ్యి ఎక్కడ, కాలు ఎక్కడ, అంతే. అంచు సగం దాటాక ఒక చోట ఆగి తలెత్తితే, కింద లిడౌ సరస్సు నీలంగా మెరుస్తోంది. ఎక్కడో గొర్రె అరిచింది. ఇంకో చప్పుడు లేదు. ఒంటరిగా వచ్చినందుకు దక్కింది ఇదీ అనిపించింది. పక్కన ఎవరైనా ఉంటే, 'అబ్బ, ఎంత బావుందో!' అని ఒకరితో ఒకరం అనుకునేవాళ్ళం. ఆ మాటలో సగం అందం పోయేది.

అంచు చివర మూడు రాతి కొమ్ములున్నాయి. రెండోదాని దగ్గర ఒక కుర్రాడు కనిపించాడు. ఇరవై ఏళ్ళుంటాయేమో. కాన్వాసు జోళ్ళు. రాతిని కౌగలించుకుని కళ్ళు మూసుకున్నాడు. ముందుకీ రాడు, వెనక్కీ పోడు. అతని వెనకాలే అరవై దాటిన స్థానికుడు ఒకాయన నిలబడి, సముదాయిస్తున్నాడు.

"కిందికి చూడకు. నీ కుడిచేతికి ఏం దొరికిందో చెప్పు."

"రాయి."

"గట్టిగా ఉందా?"

"ఉంది."

"అయితే నీకేం భయంలేదు. ఇప్పుడు ఎడమకాలు."

పెద్దాయన నన్ను ముందుకి వెళ్ళి, కాలు పెట్టే చోట్లు వేలితో చూపించమన్నాడు. చూపించాను. ఇరవై నిముషాల పనికి దాదాపు గంట పట్టింది. మూడో కొమ్ము దాటి పచ్చగడ్డి ఉన్న కనుమలోకి దిగాక ఆ కుర్రాడు కూలబడి, వణుకుతున్న చేతుల్తో నీళ్ళు తాగాడు. ఒక్కడే వచ్చావేం అని అడిగితే ఫోన్ చూపించాడు. "దీన్లో వీడియో చూశాను. రెండు నిముషాల్లో దాటేశాడు వాడు!"

రెండు నిముషాలు! వెనకటికి రీలు అంటే వెయ్యి అడుగుల ఫిల్ము. పది నిముషాల పైన నడిచేది. ఇప్పటి రీలు అర నిముషం. అందులో వణుకూ ఉండదు, ఆగిపోవడమూ ఉండదు. అవన్నీ ఎడిటింగులో పోయాయి! పెద్దాయన ఆ కుర్రాణ్ణి తనతో తీసుకెళ్తానన్నాడు. నేను ముందుకి కదిలాను.

ఇంటర్వెల్!

గార్నెద్ ఇగైన్ దాటి ఒంటిగంటన్నరకి అర్ విద్వా శిఖరం దగ్గరికి వచ్చేసరికి… జనం! కొండెక్కి వచ్చినవాళ్ళు కాదు, రైలు దిగినవాళ్ళు. అవును, శిఖరానికి రైలుంది. 1896 నుంచి నడుస్తోంది. పట్టాల మధ్య పళ్ళచట్రం, దాన్ని కరుచుకుంటూ ఎక్కే ఇంజను. మన ఊటీ రైలుది కూడా ఇలాంటి పద్ధతే. 'దిల్ సే' (1998) లో షారుఖ్ ఖాన్ రైలు పైకెక్కి ఆడిన పాట గుర్తుందిగా, ఆ రైలే!

నేను ప్రాణాలు పిడికిట్లో పెట్టుకుని వచ్చిన చోటికి ఒక పాపాయి ఎత్తుమడమల జోళ్ళ తల్లి చంక నెక్కి వచ్చి, చిప్సు నములుతూ నా వంక జాలిగా చూసింది. సీరియస్ సినిమాలో కామెడీ ట్రాక్ అంటే ఇదే. శిఖరం మీద ఫోటో తీయించుకోవడానికి క్యూ. మన టికెట్ల క్యూలకి తీసిపోదు.

రొట్టె తింటూ దక్షిణానికి చూశాను. అటు 'బాణాల కనుమ' ఉంది. ఆర్థర్ మహారాజు బాణాలు తగిలి పడిపోయింది అక్కడేనని చెబుతారు. దాని అవతల లివెద్. నా దారిలో మిగిలిన సగం అదే. ఎవరెస్టు మీద 1924లో కనుమరుగైన జార్జ్ మాలరీ కుర్రతనంలో ఎక్కిన రాతిగోడలు ఆ కొండవే. వాటి కోసమే నేను ఎక్కువగా ఆశపడి వచ్చాను.

సరిగ్గా రెండింటికి, చెప్పినట్టే, మేఘం వచ్చింది. ముందు లివెద్ కొమ్ము పోయింది. తర్వాత కొండంతా పోయింది. గాలి లేచింది, టోపీ చేత్తో పట్టుకోవలసి వచ్చింది. కాలికి అలసట కూడా తెలుస్తోంది. సినిమాలో అయితే ఇప్పుడే ఢమరుకం మోగాలి, హీరో పళ్ళు బిగించాలి!

వేల మైళ్ళు దాటి వచ్చాను. మళ్ళీ ఎప్పుడొస్తానో, అసలు వస్తానో రానో తెలీదు. కాళ్ళు ఇంకా నడుస్తాయి. కానీ అటు దారి అంచు వెంట, మబ్బులో, తడిరాతి మీద. పక్కన మనిషి లేడు. కాలు మెలికపడినా చూసేవాడు ఎవరూ ఉండరు. పది నిముషాలు ఆలోచించాను. తర్వాత నాకు నేనే చెప్పుకున్నాను: 'కట్!'

లివెద్ వదిలేసి, మామూలు దారిన వంకరటింకర మెలికల్లో దిగి, గ్లాస్లిన్ సరస్సు పక్కనుంచి గనికార్మికుల పాతబాట పట్టాను. వెనకటికి అక్కడ రాగి తవ్వేవారు. రాగి కలిసిన ఆ నీళ్ళ నీలం చూస్తే, రంగుల సినిమా కూడా వెలవెలపోతుంది. లిడౌ సరస్సు మధ్యగా 1853లో గనుల కోసం వేసిన రాతిగట్టు మీద నడుస్తూ తలెత్తాను. మేఘం ఒక్క క్షణం చిరిగి లివెద్ గోడ నల్లగా, తడిగా కనిపించింది. మళ్ళీ మూసుకుంది. బాధ లేదంటే అబద్ధం. అయిదుంబావుకి కిందికి చేరి ఫోన్ చేశాను. "దిగావా? సరే, కాగితం చించేస్తున్నా" అంది ముసలావిడ. అంతే సంభాషణ!

హీరోలు కూడా వెనక్కి తిరుగుతారు

'ఫ్రీ సోలో' చూశారా? 2019లో ఆస్కార్ గెలుచుకున్న డాక్యుమెంటరీ. అలెక్స్ హానోల్డ్ అమెరికాలోని ఎల్ కాపిటన్ అనే నిలువు బండని 2017 జూన్ 3న, తాడు లేకుండా, ఒక్కడే, నాలుగు గంటల లోపునే ఎక్కాడు. అందరూ ఆ ఎక్కుడు గురించే మాట్లాడుకుంటారు. కానీ అదే సినిమాలో అంతకు ముందటి ఏడాది సంగతి కూడా ఉంది. కెమెరాలన్నీ సిద్ధంగా ఉండగా అతను కొంత దూరం ఎక్కి, మనసు కుదరక ఆపేశాడు. మళ్ళీ తాడు కట్టుకుని నెలల తరబడి సాధన చేశాడు. నా మటుకు నాకు ఆ సినిమాలో అసలైన హీరోయిజం సీను ఆ ఆపేసిన సీనే.

దీనికి రెండో పక్క '127 అవర్స్' (2010). మన ఎ.ఆర్. రెహమాన్ సంగీతం. ఏరన్ రాల్స్టన్ అనే యువకుడి నిజకథ. 2003లో అమెరికాలోని ఒక ఇరుకు రాతిలోయలోకి ఒంటరిగా వెళ్ళాడు. బండ జారి కుడిచెయ్యి ఇరుక్కుంది. అయిదు రోజులకి తన చెయ్యి తానే కోసుకుని బయటపడ్డాడు. అతని ధైర్యానికి ఎవరైనా నమస్కారం పెట్టాల్సిందే. కానీ వెతుక్కుంటూ ఎవరూ ఎందుకు రాలేదు? ఎక్కడికి వెళుతున్నాడో ఎవరికీ చెప్పలేదు కనక! ఫ్రిజ్ తలుపు మీద అంటించే ఒక కాగితం ముక్క విలువ అంతటిది.

'మంజుమ్మెల్ బాయ్స్' (2024) చూసి కళ్ళు తుడుచుకున్నాం కదా. గుహలో పడ్డవాడికి పైన స్నేహితులున్నారు. ఒంటరిగా వెళ్ళేవాడు ఆ స్నేహితుల పని కూడా తనే ముందుగా చేసి పెట్టుకోవాలి. దారి ఒకరికి చెప్పాలి. తిరిగొచ్చే వేళ చెప్పాలి. ఆ వేళకి కబురందించాలి. జేబులో ఈల ఉండాలి. నిముషంలో ఆరుసార్లు ఊది, ఒక నిముషం ఆగి, మళ్ళీ ఆరుసార్లు ఊదితే 'ఆపదలో ఉన్నాను' అని కొండల్లో తిరిగేవాళ్ళ భాష. ఫోన్ అందితే మన దేశంలో 112.

మన కొండ మన దగ్గరే ఉంది

ఇదంతా చదివి, 'వేల్స్ ఎక్కడ, మేమెక్కడ!' అని నిట్టూర్చకండి. హైదరాబాదుకి యాభై కిలోమీటర్ల లోపునే భువనగిరి ఉంది. చాళుక్యుల కాలం నాటి కోటని నెత్తిన మోస్తున్న ఒంటిబండ అది. నిజామాబాద్ జిల్లా పాకాలలో పుట్టిన మలావత్ పూర్ణ తాడు కట్టుకుని రాయెక్కడం నేర్చుకుంది ఆ బండ మీదే. తర్వాత 2014 మే 25న, పదమూడేళ్ళ పదకొండు నెలల వయసులో, ఎవరెస్టు ఎక్కింది. అంత చిన్న వయసులో ఆ శిఖరం చేరిన ఆడపిల్ల అంతకు ముందు లేదు. ఆమెతో బాటు ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. ఆమె కథతో రాహుల్ బోస్ 'పూర్ణ' (2017) అనే హిందీ సినిమా తీశారు. చూడని వాళ్ళు చూడండి. అందులో శిఖరం కంటే శిక్షణే మీకు ఎక్కువ పనికొస్తుంది.

పూర్ణ మొదలుపెట్టింది ఒంటరిగా కాదు. గురువుతో, తాడుతో, తోటిపిల్లలతో. మీరూ అలాగే మొదలుపెట్టండి. రాయి చేతికి అలవాటు కానివ్వండి. వెనక్కి తిరగడం మనసుకి అలవాటు కానివ్వండి. ఒంటరిగా నడవడానికి తర్వాత బోలెడన్ని ఆదివారాలున్నాయి. అన్నట్టు, వెళ్ళేముందు ఇంట్లో చెప్పి వెళ్ళండి. 'సెకండ్ షోకి వెళ్ళాను' అని కాదు, నిజం చెప్పి!